గరిటె ఎవరి చేతిలో?

విహారనౌకలో భోజన మర్యాద దుస్తులతోనో ఫోర్కులతోనో మొదలు కాదు, పక్కవాళ్ల కడుపు గురించి ఆలోచించడంతో మొదలవుతుంది

ఆ గదిలో పదిమంది ఉన్నారు. వరసగా వంటకాలు, వాటి మీద మూతలు, వడ్డించుకోవడానికి టాంగ్స్, తాగడానికి పానీయాలు. విహారనౌకలో బఫే ఎలా ఉంటుందో అలాగే అమర్చారు. పదిమందిలో ఒకరి అరచేతులకు మామూలు వెలుతురులో కనిపించని రంగు పూశారు. అతినీలలోహిత కాంతి పడితేనే అది మెరుస్తుంది. దగ్గొచ్చినప్పుడు చేయి అడ్డం పెట్టుకున్న రోగి స్థానంలో ఆ వ్యక్తి ఉన్నాడన్నమాట. తర్వాత అందరినీ ఎప్పటిలా వడ్డించుకుని తినమన్నారు. అరగంట అయ్యాక ఆ కాంతి వేసి చూస్తే పదిమందికీ రంగు అంటుకుని ఉంది. ముగ్గురికి ముఖం మీదికి కూడా చేరింది.

2020 మేలో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వైద్య నిపుణులతో కలిసి చేసిన ప్రయోగమిది. అంతకు మూడు నెలల ముందే యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను 3,711 మందితో సహా నిలిపేశారు. వాళ్లలో 700 మందికి పైగా కరోనా బారిన పడ్డారు. కరోనా ముఖ్యంగా గాలి ద్వారా పాకుతుందని తర్వాత స్పష్టమైంది కాబట్టి, ఆ ఓడలో జరిగిన దానికంతటికీ బఫేనే కారణం అనడం సరికాదు. కానీ కరోనాకు చాలా ముందు నుంచీ ఓడలను వేధిస్తున్న మరో వైరస్ ఉంది. దాని విషయంలో ఈ ప్రయోగం అక్షరాలా వర్తిస్తుంది.

ఎన్‌హెచ్‌కే అక్కడితో ఆగలేదు. వంటకాలు పెట్టే పద్ధతి మార్చి, టాంగ్స్ తరచూ మారుస్తూ, చేతులు కడుక్కోమని చెబుతూ మరోసారి చేసింది. ఈసారి ఎవరి ముఖానికీ రంగు చేరలేదు.

మా సంపాదకుడు నాకు అప్పగించింది ఈ ప్రయోగాన్ని కాదు. 2022 జూన్‌లో కార్డీలియా ఓడ చెన్నై నుంచి విశాఖ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులను వాళ్లు అలాస్కాకో కరేబియన్ దీవులకో ఓడలో తీసుకెళ్లడమూ ఇప్పుడు మామూలైపోయింది. ‘మనవాళ్లు ఓడ ఎక్కుతున్నారు. అక్కడ ఎలా తినాలో, ఎలా కూర్చోవాలో రాయండి. బుధవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు. అలాంటి జాబితాలకు కొదవ లేదు. నల్ల సూటు ఏ రాత్రి వేసుకోవాలి, రుమాలు ఎక్కడ పరుచుకోవాలి అన్న సలహాలే అన్నిట్లోనూ. చదివేకొద్దీ నాకు ఉత్సాహం తగ్గిపోయింది. మనిషి తోటి మనిషికి ఇచ్చే గౌరవం వాటిలో ఎక్కడా కనిపించలేదు. అది కనిపించింది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, ఓడల కోసం రాసిన పారిశుద్ధ్య నియమావళిలో.

పేరు వింటే ఆవులింత వచ్చే పుస్తకమే. వెసల్ శానిటేషన్ ప్రోగ్రామ్ అనే ఈ కార్యక్రమాన్ని సీడీసీ 1970లలో మొదలుపెట్టింది. పదముగ్గురు, అంతకు మించి ప్రయాణికులతో విదేశాలకు వెళ్లివస్తూ అమెరికా రేవుల్లో ఆగే ఓడలన్నీ దీని కిందికి వస్తాయి. తనిఖీ అధికారులు చెప్పకుండా వస్తారు. నూటికి మార్కులు వేస్తారు. 86 వస్తే గట్టెక్కినట్టు, 85 వస్తే తప్పినట్టు. ఆ మార్కులనూ, ఏ అంతస్తులో ఏ వంటగదిలో ఏ లోపానికి మార్కులు కోశారన్న వివరాన్నీ ఎవరైనా చదువుకునేలా బయటపెడతారు. మన ఊళ్లో ఒక్క హోటల్ వంటగది గురించి ఇంత వివరంగా తెలుసుకోగలమా?

ఈ నియమాల్లో నన్ను కట్టిపడేసింది వాటి చూపు. చల్లటి పదార్థం 5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. వేడి పదార్థం 57 డిగ్రీలకు దిగకూడదు. వాటికి బదులు గడియారాన్ని నమ్ముకునే పద్ధతి కూడా ఉంది: నాలుగు గంటలు దాటిన పదార్థం, ఎంత బాగా కనిపించినా, పారబోయాల్సిందే. బఫేలో వంటకాల మీదుగా వాలుగా ఉండే గాజు పలకను చూసే ఉంటారు. అది అలంకారం కాదు. వంగి చూసే మనిషి నోటికీ గిన్నెకీ మధ్య అడ్డుగా నిలవాలని పెట్టింది. అందుకే దాని కింది అంచు బల్ల మీద నుంచి ఎంత ఎత్తులో ఉండాలో కూడా కొలిచి రాశారు. కొత్తగా కట్టే ఓడల్లో బఫేలోకి వచ్చే దారుల దగ్గర, ప్రతి వంద సీట్లకు ఒకటి చొప్పున, ప్రయాణికులు చేతులు కడుక్కునే కుళాయి ఉండాలి.

రెండోసారి వడ్డించుకోవడానికి వెళ్లేటప్పుడు కొత్త పళ్లెం తీసుకోవాలన్నది మరో నియమం. తిన్న పళ్లెం అంచుకు గరిటె తగిలితే, ఆ గరిటె తిరిగి గిన్నెలోకి వెళ్తుంది. ఇది మా నాయనమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంగిలి పళ్లెంతో వంటింటి గడప దాటనిచ్చేది కాదు. ఆమె ఆచారంగా పాటించినదాన్ని ఓడల అధికారులు థర్మామీటరు పట్టుకుని పాటిస్తున్నారు.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే నోరోవైరస్ గురించి తెలియాలి. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్వాక్ పట్టణంలో ఒక బడిలో వాంతులు, విరేచనాలు ప్రబలాయి. 1972లో అప్పటి నమూనాల్లోనే ఈ వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద గుర్తించారు. పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. కొద్దిపాటి కణాలు నోట్లోకి వెళ్తే చాలు. 12 నుంచి 48 గంటల్లో వాంతులు మొదలవుతాయి. చాలామందికి మూడు రోజుల్లోపే తగ్గిపోతుంది కానీ, తగ్గాక కూడా ఆ మనిషి నుంచి వైరస్ కొన్నాళ్లపాటు బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే వంటపని, వడ్డన చేసే సిబ్బందికి జబ్బు చేస్తే, లక్షణాలు పోయిన తర్వాత కూడా 48 గంటలు పనికి రానివ్వరు.

ఓడలో రోగుల సంఖ్య ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతానికి చేరితే సీడీసీ ఆ ఓడ పేరును ప్రజలకు ప్రకటిస్తుంది. 2024లో అలా ప్రకటించినవి 18. వాటిలో ఎక్కువ భాగం నోరోవైరస్ వల్లే. ఈ వార్తలు చూసి ఓడలంటే రోగాల పుట్టలని భయపడనక్కర్లేదు. అమెరికాలో నమోదయ్యే నోరోవైరస్ ఉదంతాల్లో ఓడల వాటా ఒక్క శాతమేనని ఆ సంస్థే చెబుతోంది. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, హోటళ్లలో ఇంతకంటే ఎన్నో రెట్లు జరుగుతుంటాయి. తేడా ఒక్కటే: ఓడలో ప్రతి కేసూ లెక్కకెక్కుతుంది.

నాకు అసలు నమ్మకం లేనిది బఫే ద్వారం దగ్గరి శానిటైజర్ సీసా మీద. నార్వీజియన్ అనే విహారనౌకల సంస్థ ఓడల్లో సిబ్బంది ద్వారం దగ్గర నిలబడి ‘వాషీ వాషీ’ అంటూ నవ్వుతూ పాడుతూ చేతుల మీద చల్లుతారు. వాళ్ల ఉత్సాహం ముచ్చటగా ఉంటుంది. కానీ నోరోవైరస్ మీద ఆల్కహాల్ సరిగా పనిచేయదు. సబ్బు పెట్టి, నురగ వచ్చేలా 20 సెకన్లు రుద్ది, నీళ్లతో కడిగితేనే పోతుంది. చేతులకు ఇంత చల్లించుకుని ‘అయిపోయింది’ అనుకుని లోపలికి నడిచేవాళ్లే ఎక్కువ. కుళాయి పక్కనే ఉన్నా దాన్ని దాటుకుని పోతారు. ఓడ కంపెనీలు ఆ సీసా పట్టుకున్న మనిషిని కుళాయి దగ్గర నిలబెడితే ఎంత మేలో!

ఇక చరిత్ర, గబగబా. 1912 నాటి టైటానిక్‌లో ఒక్కో తరగతికి ఒక్కో భోజనశాల. మూడో తరగతివాళ్లు మొదటి తరగతి బల్లలను చూసే అవకాశమే లేదు. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక ఓడలు రవాణా వదిలి విహారంలోకి దిగాయి. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకునే స్వీడన్ పద్ధతిని 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన అమెరికన్లకు అలవాటు చేసింది. పెన్సిల్వేనియాకు చెందిన హోటల్ యజమాని జానీ గార్నో 1959లో ఆ గాజు పలకల బల్లకు పేటెంట్ కోరాడు. 2000లో నార్వీజియన్ సంస్థ నిర్ణీత వేళ, నిర్ణీత బల్ల అన్న కట్టుబాటును తీసేసింది. బఫేకు జనం పోటెత్తారు.

ఆ జనాన్ని సర్దడానికి ఓడల్లో పొడవాటి ఒంటి వరసను విడగొట్టి విడివిడి బల్లలు పెట్టారు. సలాడ్ ఒకచోట, రొట్టెలు ఒకచోట, కూరలు మరోచోట. ఇక్కడ మన అలవాటు తడబడుతుంది. మనకు వరస అంటే మొదటి నుంచి చివరి దాకా నడవడమే. ఇలాంటి చోట కేవలం అన్నం కోసం వెళ్లినవారు నేరుగా అన్నం బల్ల దగ్గరికి వెళ్లడం చొరబాటు కాదు. అయితే ఒక బల్ల ముందు ఇద్దరు నిలబడి ఉంటే వాళ్ల భుజాల మధ్య నుంచి చేయి చాపడం మాత్రం చొరబాటే.

మాంసం, చేప, పప్పు పక్కపక్కనే ఉండే బల్ల దగ్గర ఇంకో సంగతి ఉంది. శాకాహారులకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయమే. చేప తీసిన గరిటెను హడావుడిలో ఒకరు పప్పు గిన్నెలో పెట్టేస్తారు. చూసినవాళ్లు ఎవరూ మాట్లాడరు. రొయ్యలు పడనివారికి, వేరుశనగ పడనివారికి అది వైద్యుడి దాకా తీసుకెళ్లే పొరపాటు. అలాంటప్పుడు గరిటెను మీరే సరిచేయకండి. సిబ్బందిని పిలవండి. ఆ గిన్నెను లోపలికి తీసుకెళ్లి కొత్తది తెస్తారు. ఎవరూ విసుక్కోరు, అది వాళ్ల నియమం.

ఇన్ని చదివాక నాకు అనిపించింది చెబుతాను. తెలుగువాళ్ల పెళ్లిలో బఫే అంటే చాలాచోట్ల బల్లకు అవతల క్యాటరింగ్ కుర్రాళ్లు నిలబడి ఉంటారు. పళ్లెం మనది, గరిటె వాళ్లది. 2021లో మళ్లీ ప్రయాణాలు మొదలైనప్పుడు చాలా ఓడలు చేసింది సరిగ్గా ఇదే. బఫే ఉంచి గరిటెను ప్రయాణికుల చేతిలోంచి తీసేశాయి. ఒక్క చేయి, అదీ శుభ్రంగా కడిగిన చేయి, వందలమందికి వడ్డించింది. ఏడాది తిరిగేసరికి చాలా ఓడల్లో గరిటె మళ్లీ ప్రయాణికుడి చేతికి వచ్చేసింది. ‘మాకు కావలసినంత మేమే వడ్డించుకోవాలి’ అన్న ఇష్టం అంత బలమైనది. ఇప్పటికీ ఓడలో కేసులు పెరిగాయంటే సిబ్బంది ముందుగా చేసే పనుల్లో ఒకటి స్వయంగా వడ్డించుకోవడాన్ని ఆపేయడమే. ఆపదలో సరైనదని తెలిసిన పద్ధతి మామూలు రోజుల్లో ఎందుకు పనికిరాదు? విశాఖ నుంచి, చెన్నై నుంచి మనవాళ్లతో నడిచే ఓడలైనా వడ్డించే మనిషిని బల్ల వెనక శాశ్వతంగా నిలబెట్టాలి. మన ప్రయాణికులు దాన్ని లోటుగా చూడరు, వాళ్లకది పెళ్లిళ్లలో అలవాటైన పద్ధతే.

ఓడ ఎక్కిన రోజు

మొదటిరోజు మధ్యాహ్నం సామాన్లు ఇంకా గదికి చేరవు, అందరూ బఫే మీదే పడతారు. చాలా ఓడల్లో ఆ సమయానికి కూర్చోబెట్టి వడ్డించే పెద్ద భోజనశాల కూడా తెరిచే ఉంటుంది, వెళ్తూనే అడగండి. రేవులో ఆగకుండా సాగే రోజుల్లో ఉదయం తొమ్మిది ప్రాంతంలో రద్దీ ఎక్కువ. బల్ల మీద సంచి పెట్టి గంటసేపు ఆపుకోవడం, ఈత కొలనులోంచి తడి బట్టలతో, చెప్పుల్లేకుండా రావడం ఏ ఓడలోనూ మెచ్చరు. మీ నీళ్ల సీసాను నేరుగా కుళాయి మూతికి ఆనించకండి; గ్లాసులో పట్టి సీసాలో పోసుకోండి. పిల్లలకు గరిటె అప్పగించకుండా మీరే వడ్డించండి. కడుపులో తేడా చేస్తే బఫేకు వెళ్లకుండా గది నుంచే ఓడ వైద్యకేంద్రానికి ఫోన్ చేయండి. దాచిపెట్టి తిరిగితే మీ వెనక వరసలో ఉన్న ముసలివాళ్లకు అది ముప్పు.

పెద్ద భోజనశాలలో

కొన్ని ఓడల్లో రోజూ అదే వేళకు, అదే బల్ల దగ్గర, పరిచయం లేని కుటుంబంతో కలిసి కూర్చోబెడతారు. ఇష్టం లేకపోతే మొదటిరోజే మేనేజరుకు చెబితే మారుస్తారు. వడ్డించే మనిషి చాలావరకు వారమంతా ఒకరే ఉంటారు, కాబట్టి మొదటి రాత్రే పేరు అడిగి తెలుసుకోండి. కారం కావాలంటే, ఉల్లి వెల్లుల్లి వద్దంటే ఒకరోజు ముందు చెప్పండి. భారతీయ ఓడల్లో జైన భోజనం ఉంటుంది. విదేశీ ఓడలకైతే టికెట్ కొనేటప్పుడే రాయించాలి. విదేశీ ఓడల్లో చాలావాటిలో టిప్పు రోజుకింత అని బిల్లులోనే వేస్తారు.

మిగిలింది ఎక్కడికి పోతుంది?

పళ్లెంలో వదిలేసినదానికీ సముద్రంలో చట్టం ఉంది. ఓడల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందం ఐదో అనుబంధం ప్రకారం, ఆహార వ్యర్థాన్ని 25 మిల్లీమీటర్ల జల్లెడలోంచి పోయేంత మెత్తగా నూరితేనే తీరానికి మూడు నాటికల్ మైళ్లు దాటాక వదలొచ్చు. నూరకపోతే 12 మైళ్లు దాటాలి. మధ్యధరా, కరేబియన్ వంటి ప్రత్యేక ప్రాంతాల్లో నూరినా సరే 12 మైళ్లు దాటాల్సిందే. ఓడ కింది అంతస్తుల్లో ఆ నూరే యంత్రాలను నడిపించే సిబ్బంది పని, బఫేలో మనం పళ్లెం ఎంత నింపామన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.