పాదరీ నోట్ చేసిన పిట్ట: 86 ఏళ్ల తర్వాత మళ్లీ కడపలో

కలివికోడి పేరు వినే ఉంటారు. కానీ ఆ కథలో ఒక పాదరీ ఉన్నాడని ఎంతమందికి తెలుసు?

ఆయన పేరు విలియం హోవర్డ్ క్యాంప్‌బెల్. 1859లో ఐర్లాండ్‌లో పుట్టారు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1884లో మన సీమకు వచ్చి కడప, గుత్తి వైపు పనిచేశారు. తెలుగు నేర్చుకుని తెలుగులోనే మత గ్రంథాలు రాశారు. ప్రార్థనలు, ప్రసంగాలు అయ్యాక ఆయన ధ్యాసంతా పిట్టల మీద, రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కపురుగుల మీదే. వాటిలో అప్పటిదాకా సైన్స్‌కు తెలియని జాతులు కూడా ఉన్నాయి.

1900లో అనంతపురం దగ్గర ఆయనకు కలివికోడి కనిపించింది. ఈ పిట్టను 1848లో సైన్స్‌కు పరిచయం చేసింది జెర్డాన్ అనే డాక్టర్. అందుకే ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. క్యాంప్‌బెల్ 1910లో చనిపోయారు. ఆయన తర్వాత ఎవరికీ ఆ పిట్ట జాడ దొరకలేదు. వెతికినవాళ్లూ ఉన్నారు, దొరక్కపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు.

అసలు విషయం ఏంటంటే, అది రాత్రి తిరిగే పిట్ట. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉంటుంది. పగటిపూట వెతికితే ఎలా దొరుకుతుంది? అడవి పక్క ఊళ్లవాళ్లకు మాత్రం అది బాగా తెలుసు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వాళ్లనే బొమ్మలు చూపించి అడిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చ్ వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. 86 ఏళ్ల గ్యాప్‌కు తెరపడింది!

ఆ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అయినా ముప్పు పోలేదు. ముళ్లపొదల నేలను మనం 'పనికిరాని బీడు' అంటాం. కలివికోడికి అదే ఇల్లు. పొదలు కొట్టేస్తే ఇక వెళ్లడానికి చోటుండదు.

పాదరీ రాసుకున్నది ఒక్క ఎంట్రీనే: ఏ పిట్ట, ఎక్కడ, ఎప్పుడు. ఊరివాళ్ల దగ్గర ఉన్నది పేరు, అలవాట్ల మీద అవగాహన. రెండూ కలిస్తేనే పిట్ట దొరికింది. మీ ఊరి బీడులో తెలియని పిట్ట కనిపిస్తే ఫోన్‌లో ఫోటో తీసి, తేదీ, చోటు రాసి పెట్టుకోండి. దాని పేరేంటో మాత్రం ఇంట్లో అవ్వనో తాతనో అడగండి.