అధ్యక్షుడు వద్దన్న దౌత్యం

1984 నవంబర్ 21న వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయానికి కొందరు నల్లజాతి నాయకులు వెళ్లారు. రాయబారితో మాట్లాడడం అయిపోయింది, వాళ్లు మాత్రం కుర్చీల్లోంచి లేవలేదు. రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలి, అప్పటిదాకా కదలమన్నారు. పోలీసులొచ్చి ముగ్గురిని అరెస్టు చేశారు. అందులో ఒకరు వాల్టర్ ఫాంట్రాయ్, అమెరికా ప్రతినిధుల సభలో వాషింగ్టన్ నగర ప్రతినిధి. నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ఆ నగరం పంపే ప్రతినిధి సభలో మాట్లాడొచ్చు కానీ బిల్లుల మీద ఓటు వెయ్యలేడు. ఇప్పటికీ అంతే.

ఆ రోజు ఆయన ఎదిరించింది ఒక్క దక్షిణాఫ్రికాను కాదు, సొంత దేశాధ్యక్షుడి విదేశాంగ విధానాన్ని కూడా. తెల్ల ప్రభుత్వంతో స్నేహంగా ఉంటూ నెమ్మదిగా నచ్చజెప్పాలి, ఆంక్షలు వద్దు అన్నది రీగన్ వాదన. దానికి ‘నిర్మాణాత్మక సంబంధాలు’ అని పేరు పెట్టుకున్నారు. దాడి జరిగిన మర్నాడు ఊరి పెద్దమనుషులు దళితవాడకొచ్చి ‘కేసులెందుకు, సర్దుకుపోదాం’ అనడం మనం ఎరిగిందే. ఇదీ ఆ బాపతే.

విదేశీ వ్యవహారాలు అధ్యక్షుడి పని కదా, చట్టసభ సభ్యులకెందుకు? ఈ ప్రశ్న పాతదే. 1798లో జార్జ్ లోగన్ అనే పెన్సిల్వేనియా డాక్టరు యుద్ధం రాకుండా చూడాలని తనంతట తానే ఫ్రాన్స్ వెళ్లి అక్కడి నాయకులతో మాట్లాడొచ్చాడు. పాలకపక్షానికి మండింది. ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశాలతో ఇలాంటి మంతనాలు జరపడం నేరమని 1799లో చట్టం చేసింది. ఇన్నేళ్లలో ఆ చట్టం కింద ఎవరికీ శిక్ష పడలేదు. లోగన్ తర్వాత సెనేటర్ అయ్యాడు కూడా! రాయబారులను నియమించేది, ఒప్పందాలు మాట్లాడేది అధ్యక్షుడే. అయితే ఖజానా తాళం, విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం అమెరికా కాంగ్రెస్‌వి. నల్లజాతి సభ్యులు పట్టుకున్నది ఈ కొసనే.

1971లో ఏర్పడిన కాంగ్రెషనల్ బ్లాక్ కాకస్ తొలి అధ్యక్షుడు చార్ల్స్ డిగ్స్ ఆ ఏడాదే దక్షిణాఫ్రికా వెళ్లి పరిస్థితి చూసొచ్చాడు. నిక్సన్ ఆఫ్రికా విధానాన్ని నిరసిస్తూ ఐక్యరాజ్యసమితిలోని అమెరికా బృందం నుంచి తప్పుకున్నాడు. 1972లో రాన్ డెల్లమ్స్ వర్ణవివక్ష ప్రభుత్వానికి వ్యతిరేకంగా బిల్లు పెడితే ఎవరూ పట్టించుకోలేదు. పద్నాలుగేళ్లు తిరిగితిరిగి పెట్టాడు. ఈలోగా ఫాంట్రాయ్ బైఠాయింపు ఏడాదికి పైగా సాగిన ఉద్యమమై వేలమందిని అరెస్టులకు నడిపించింది. 1985 జనవరిలో సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ డెస్మండ్ టూటూ పిలుపు మీద దక్షిణాఫ్రికా వెళ్లాడు. అక్కడ అందరూ హారతులు పట్టలేదు. తెల్లదొర వచ్చి మమ్మల్ని ఉద్ధరించాలా అని నల్లజాతి చైతన్య ఉద్యమం వాళ్లు అడ్డుతగిలారు. ఆ కోపంలో న్యాయం ఉందనే మేం అనుకుంటాం.

1986లో ఆంక్షల బిల్లు ఉభయసభల్లో నెగ్గింది. డెల్లమ్స్ కోరినంత కఠినమైన బిల్లు కాదు, సెనేట్ మెత్తబరచింది. సెప్టెంబర్ 26న రీగన్ దాన్ని వీటో చేశాడు. అప్పుడు దక్షిణాఫ్రికా విదేశాంగ మంత్రి పిక్ బోతా నేరుగా రైతు రాష్ట్రాల సెనేటర్లకు ఫోన్ చేసి, ఓటేస్తే మీ ధాన్యం కొనం అని బెదిరించాడు. చట్టసభ దౌత్యం తప్పని వాదించేవాళ్లు ఈ ఫోన్ల సంగతి ఎత్తరు.

ప్రతినిధుల సభ 313–83తో, సెనేట్ 78–21తో వీటోను తోసిపుచ్చాయి. కొత్త పెట్టుబడులు, బొగ్గు, యురేనియం, ఉక్కు దిగుమతులు ఆగిపోయాయి. ఆంక్షలు ఎత్తెయ్యాలంటే తీరాల్సిన షరతుల్లో మండేలా విడుదల పేరు పెట్టి మరీ రాశారు.

ఇదే ఆయుధాన్ని ఎవరైనా ఎత్తొచ్చు. 2015 మార్చిలో ఒబామా ఇరాన్‌తో అణు చర్చలు జరుపుతుంటే 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు నేరుగా ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ వెనుక గొంతు లేని జనం ఎవరూ లేరు, చర్చలు చెడగొట్టాలన్న పట్టుదల తప్ప. కాబట్టి ఎవరు చేశారన్నదానికంటే ఎవరి పక్కన కూర్చుని చేశారన్నది మేం ముందు చూస్తాం.

ఇక మన దగ్గరికొద్దాం. 1946లో దక్షిణాఫ్రికా వివక్షను ఐక్యరాజ్యసమితికి ఎక్కించింది భారతదేశమే. అది మా అంతర్గత విషయమని దక్షిణాఫ్రికా అడ్డుపడింది. 2001 డర్బన్ సదస్సులో కులాన్ని చర్చకు పెట్టమని దళితులు అడిగితే, మన ప్రభుత్వం వినిపించిందీ ఆ అంతర్గత విషయం పాటే. 2007లో యూరోపియన్ పార్లమెంటు, అమెరికా ప్రతినిధుల సభ దళితుల మీద వివక్షపై తీర్మానాలు చేశాయి. వాటికి చట్టబలం లేదు.

మన చట్టసభ ఆ పని చెయ్యగలదా? రీగన్ వీటోను ఓడించిన 78 మందిలో 31 మంది ఆయన సొంత పార్టీ సెనేటర్లు. మనకు 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. పార్టీ విప్ జారీ చేశాక ఎదురు ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. లోక్‌సభలో ఎస్సీ రిజర్వుడు స్థానాలు 84. ఆ 84 మంది మీదా అదే విప్.