మందుల సంచి విప్పి చూసేదెవరు?

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లకు మాత్రలు ఒక్కచోటి నుంచి రావు. ఊరికొచ్చే 104 బండిలో ఇచ్చినవి కొన్ని, ప్రొద్దుటూరులో ప్రైవేటు డాక్టరు రాసినవి కొన్ని, మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కొన్ని. పైన నాటుమందు పొడి కూడా ఉండొచ్చు. ఆసుపత్రిలో చేరిన రోజున వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూసేవాళ్లు కావాలి.

చూడకపోతే ముప్పే. సర్కారు ఆసుపత్రిలో గ్లిమెపిరైడ్ అనే మందు పేరుతో ఇచ్చే షుగరు మాత్రే షాపులో అమారిల్ అనే బ్రాండు పేరుతో దొరుకుతుంది. వేరువేరనుకొని రెండూ మింగితే షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు నొప్పి మాత్రలు కలిపితే కడుపులో రక్తస్రావం కావచ్చు. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం.

అందుకే రోగి అప్పటిదాకా వాడుతున్న మందులనూ, ఆసుపత్రిలో కొత్తగా రాసినవాటినీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. చేరినప్పుడు, వార్డు మారినప్పుడు, ఇంటికి పంపేటప్పుడు, ఈ మూడుసార్లూ తప్పనిసరి. పాత మందుల వివరం రోగి నోటిమాటతో సరిపెట్టకుండా ఇంట్లోవాళ్లనూ అడగాలి, చీటీలూ మాత్రల అట్టలూ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, రోగి ఒక చికిత్స చోటి నుంచి మరోచోటికి మారే ఘట్టాన్ని ముఖ్యమైన మూడు అంశాల్లో ఒకటిగా ఎంచింది.

పులివెందుల నుంచో ప్రొద్దుటూరు నుంచో కడప రిమ్స్‌కు పంపే రోగికి ఈ సరిచూడటం మరీ అవసరం. అత్యవసరంలో బయల్దేరినవాళ్లు మందుల సంచి ఇంట్లోనే మరిచిపోతారు.

రద్దీ వార్డులో ఈ పనికి డాక్టరుకు తీరిక చిక్కదు. మన దేశంలో 2008లో మొదలైన ఫార్మ్‌ డీ అనే ఔషధ శాస్త్ర కోర్సు చదివినవాళ్లకు ఇందులో శిక్షణ ఉంటుంది. వాళ్లకు వార్డుల్లో ఉద్యోగాలిచ్చి ఈ బాధ్యత అప్పగించాలి. పద్నాలుగు అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో పాత రికార్డులు కొంత దొరకవచ్చు గానీ, షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర అందులో కనబడదు. దాన్ని అడిగే తెలుసుకోవాలి.

డిశ్చార్జి చీటీలో కొత్త మందులు ఎటూ రాస్తారు. పాతవాటిలో ఏవి వాడాలి, ఏవి మానెయ్యాలి, ఎందుకు అనేది కూడా తెలుగులో రాసి, మానేయాల్సిన అట్టలను రోగి ముందే వేరుచేసి చూపించాలి. ఆ చీటీ నకలు ఊళ్లో 104 సిబ్బందికీ అందాలి. లేకపోతే మానెయ్యమన్న మాత్రే వచ్చే నెల మళ్లీ ఇంటికి వస్తుంది.