మీకు తెలుసా? దోమంత ఓడ కొండంత ఓడను కూల్చేస్తుంది!

ఐస్‌లాండ్ వాళ్లు తయారుచేసిన అంతరిక్ష యుద్ధాల ఆట ‘ఈవ్ ఆన్‌లైన్’. 2003లో మొదలైంది. ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు! దాని లోపలి లెక్కలు వింటే నోరెళ్లబెడతారు. రండి, ఒక్కొక్కటీ చెబుతా!

ఈ ఆటలో ఓడ పేలిపోతే పోయినట్టే! మళ్లీ కొనుక్కోవాల్సిందే. అందులో బిగించిన ఒక్కో పరికరం శిథిలాల్లో మిగిలే అవకాశం ఎంతో తెలుసా? సరిగ్గా 50 శాతం! బొమ్మా బొరుసే! మిగిలినవాటిని గెలిచినవాడు ఏరుకుపోవచ్చు. అందుకే ఇక్కడ ప్రతి పోరాటంలోనూ గుండె దడదడలాడుతుంది!

ఇప్పుడు అసలు రహస్యం! ఫ్రిగేట్ అంటే ఈ ఆటలో బుల్లి ఓడ. బ్యాటిల్‌షిప్ అంటే కొండ. ఆ కొండ చుట్టూ 500 మీటర్ల దూరంలో ఫ్రిగేట్ గిరగిరా తిరుగుతుందనుకోండి. పెద్ద ఫిరంగులు ఒక్క గుండు కూడా తగిలించలేక తల్లడిల్లిపోతాయి! ఎందుకంటారా? ఎదురుగా వచ్చే బస్సును ఫోన్‌తో ఫొటో తీయడం తేలిక. కళ్లముందు అడ్డంగా దూసుకుపోయే బైక్‌ను తీయండి చూద్దాం! ఫోన్ తిప్పేలోపే బండి మాయం! ఫిరంగిదీ అదే అవస్థ. అది తిరిగే వేగం కంటే ఫ్రిగేట్ చుట్టే వేగం ఎక్కువ. గుండు ఎంత పెద్దదైతే ఏం లాభం? తగలాలి కదా!

అయితే ఒక్క పొరపాటు చేస్తే చాలు, అదే ఫ్రిగేట్ మసి! ముక్కుసూటిగా శత్రువు మీదికి వెళ్లడమే ఆ పొరపాటు. నేరుగా వచ్చే ఓడ కోసం ఫిరంగి తిరగాల్సిన పనే లేదు. అప్పుడు గురి తప్పదు! అందుకే చేయి తిరిగిన పైలట్లు వంకరగా, నత్తగుల్ల మీది గీతలా చుట్టుకుంటూ దగ్గరికొస్తారు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఆ వంపే!

మరి కొండ ఊరుకుంటుందా? వల విసురుతుంది! ‘వెబ్’ అనే పరికరం ఇది. సాదా రకమే ఎదుటి ఓడ వేగాన్ని 50 శాతం కోసేస్తుంది! వేగం తగ్గిందా, ఫిరంగికి పండగే!

వేగంగా పారిపోదామంటే ఇంకో తిరకాసు! ‘మైక్రోవార్ప్ డ్రైవ్’ ఆన్ చేస్తే ఓడ బాణంలా దూసుకుపోతుంది. కానీ శత్రువు గురికి దాని ఆకారం 500 శాతం ఉబ్బి కనిపిస్తుంది!

గుళ్లలోనూ అదృష్టం ఉంది! ఫిరంగి దెబ్బల్లో 1 శాతం మామూలు దెబ్బలు కావు. ఏకంగా మూడింతల నష్టం చేస్తాయి!

ఓడకు మూడు పొరలుంటాయి. పైన షీల్డ్, తర్వాత కవచం, చివర ఒంటి చట్రం. షీల్డ్ సంగతి వినండి! అది దానంతటదే నిండుతుంది. మరి ఎప్పుడు అన్నిటికన్నా వేగంగా నిండుతుంది? నిండుగా ఉన్నప్పుడా? కాదు! ఖాళీ అయినప్పుడా? అదీ కాదు! సుమారు 25 శాతానికి పడిపోయినప్పుడు! కొందరు దీన్ని నమ్ముకునే ఓడను సిద్ధం చేస్తారు. శత్రువు కొడుతూనే ఉంటాడు. షీల్డ్ ఆ గీత దగ్గరే మొండికేసి నిలబడుతుంది! అయితే ఆ గీత దాటి కిందికి జారిందో, ఇక నిమిషాల లెక్క కాదు, సెకన్ల లెక్కే!

మామూలు ఓడల షీల్డ్‌కు విద్యుదయస్కాంత దాడి నుంచి పుట్టుకతో ఉండే రక్షణ ఎంత? సున్నా! విచిత్రం ఏమిటంటే, కింది కవచం దానికి భలే తట్టుకుంటుంది. పేలుడు దాడికే అది డీలా పడుతుంది!

ఒకే రకం రక్షణ పరికరాలు నాలుగు బిగిస్తే బలం నాలుగింతలవుతుందా? కానే కాదు! నాలుగోది తన బలంలో 28 శాతమే పనిచేస్తుంది! పప్పన్నంలో నాలుగో గరిటె నెయ్యి లాంటిది అది!

వేలమంది ఒకేచోట కలబడితే సర్వర్ ఏం చేస్తుంది? కాలాన్నే నెమ్మది చేస్తుంది! ఆట మామూలు వేగంలో 10 శాతానికి దిగిపోతుంది! ఒక్క సెకనులో జరగాల్సింది పది సెకన్లు సాగుతుంది!

ఇక చివరిది, అన్నిటికన్నా పెద్దది! 2014 జనవరిలో ‘బి-ఆర్5ఆర్‌బి’ అనే చోట ఓ కూటమి కట్టాల్సిన బిల్లు కట్టలేదు. అంతే! ఆ ప్రాంతం మీద పట్టు జారింది. శత్రువులు మీద పడ్డారు. పోరు ముగిసేసరికి ఆటలోకెల్లా భారీ ఓడలు, టైటాన్లు, 75 బూడిదయ్యాయి! ఆ యుద్ధానికి గుర్తుగా ఆట తయారీదారులు అక్కడ టైటాన్ల శిథిలాలను నిలబెట్టారు. ఓడ వేసుకుని వెళ్తే మీరూ చూడొచ్చు!