చిత్రాలు అమ్మి వసతిగృహం బాగుచేయవచ్చా? వాల్పరైజో లూథరన్ విశ్వవిద్యాలయంలో ఒక వివాదం

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, షికాగో నగరానికి సుమారు గంట ప్రయాణ దూరంలో వాల్పరైజో అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి లూథరన్ విశ్వవిద్యాలయం 2023 ఫిబ్రవరిలో ఒక నిర్ణయాన్ని వెల్లడించింది. తమ మ్యూజియంలోని మూడు చిత్రాలను విక్రయించి, ఆ సొమ్ముతో మొదటి సంవత్సరం విద్యార్థుల వసతిగృహాలను పునరుద్ధరిస్తామన్నది దాని సారాంశం. మూడింటి విలువ కలిపి సుమారు 2 కోట్ల డాలర్లని అంచనా. ఆ ప్రకటనతో మొదలైన వాదం అధ్యాపక సభను, మ్యూజియం సంఘాలను దాటి న్యాయస్థానం వరకు వెళ్లింది.

లూథరన్ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. 16వ శతాబ్దంలో జర్మనీలో మార్టిన్ లూథర్ ఆరంభించిన సంస్కరణ నుంచి పుట్టిన క్రైస్తవ శాఖ ఇది. ఈ శాఖకు చెందిన మిషనరీ హెయర్ 1842లో అమెరికా నుంచి గుంటూరు చేరుకున్నారు. ఆ మిషన్ కృషి ఫలితంగా 1885లో వెలసిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలను గుంటూరులో అందరూ ఏసీ కాలేజీగానే ఎరుగుదురు. నందమూరి తారక రామారావు చదివినది అక్కడే. విద్యాలయ స్థాపనను ధర్మకార్యంగా భావించే సంప్రదాయం ఆ శాఖలో బలంగా ఉంది.

వాల్పరైజో విద్యాలయం మాత్రం పుట్టుకతో లూథరన్ సంస్థ కాదు. 1859లో మెథడిస్టులు దీనిని నెలకొల్పారు. స్త్రీ పురుషులకు కలిపి బోధించడం ఆనాటికి అరుదైన విషయం. 1871లో మూతపడి, రెండేళ్ల తర్వాత తిరిగి తెరుచుకున్న ఈ సంస్థ తక్కువ ఖర్చుతో చదువు చెప్పి ‘పేదవాడి హార్వర్డ్’ అని పేరు తెచ్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ అప్పుల్లో పడింది. 1923లో జాతివిద్వేష సంస్థ కూ క్లక్స్ క్లాన్ దీనిని కొనేందుకు ప్రయత్నించి, సొమ్ము కూడక విరమించుకుంది. చివరికి 1925లో లూథరన్ మతాచార్యులు, గృహస్థులు ఒక సంఘంగా ఏర్పడి దీనిని కొన్నారు. నేటికీ ఇది ఏ చర్చి పరిపాలన కిందా లేదు. స్వతంత్ర పాలకమండలి దీనిని నడుపుతోంది.

ఈ విశ్వవిద్యాలయానికి ప్రత్యేకత తెచ్చిన విధానం ఆనర్ కోడ్ అనే గౌరవ నియమావళి. 1943 నుంచి అమలులో ఉన్న ఈ పద్ధతిలో విద్యార్థి తాను సమర్పించే పరీక్షా పత్రం మీద ఒక ప్రమాణం రాసి సంతకం చేస్తాడు. అనుమతి లేని సహాయం తాను పొందలేదని, మరొకరికి చేయలేదని, మరొకరు అలా చేస్తుంటే చూసి ఊరుకోలేదని ఆ ప్రమాణం చెబుతుంది. పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ కాపలా ఉండనవసరం లేదు. ఉల్లంఘన ఆరోపణలు వస్తే విచారించే మండలిలో విద్యార్థులే సభ్యులు. స్లిప్పుల కోసం జేబులు తడిమి, ఫ్లయింగ్ స్క్వాడ్‌లను పంపే మన పరీక్షా విధానానికి అలవాటుపడిన వారికి ఇది విచిత్రంగా తోచవచ్చు. మూడింటిలో కఠినమైనది చివరి భాగమే. తాను కాపీ కొట్టకపోవడం సులభం. పక్క మిత్రుడు కొడుతుంటే చెప్పడం సులభం కాదు.

వనరుల విషయానికి వస్తే, 2004లో ప్రారంభమైన క్రిస్టఫర్ సెంటర్ గ్రంథాలయంలో పుస్తకాలను యంత్రమే వెతికి తెచ్చే వ్యవస్థ ఉంది. వాతావరణ శాస్త్ర విద్యార్థుల కోసం సొంత డాప్లర్ రాడార్ ఉంది. ప్రాంగణం నడిబొడ్డున 1959లో ప్రతిష్ఠించిన ప్రార్థనామందిరం అమెరికా విద్యాలయాల్లోని అతి పెద్ద మందిరాలలో ఒకటి. అన్య మతస్థులు, ఏ మతమూ లేనివారు కూడా ఇక్కడ చదువుతారు. ప్రార్థనకు హాజరు వారి ఇష్టం.

సమాజ జీవనంలో కాలానుగుణ మార్పులకు ఈ సంస్థ వెనుకాడలేదు. క్రీడాజట్లకు ‘ఊలన్లు’ అనే జర్మన్ అశ్వికుల పేరు ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో దానిని ‘క్రూసేడర్లు’గా మార్చారు. మతయుద్ధ వీరుల ఆ పేరును విద్వేష బృందాలు వాడుకుంటున్నాయన్న కారణంతో 2021లో దానినీ వదిలి ‘బీకన్స్’ అని, అంటే దారిచూపే దీపాలని పెట్టుకున్నారు.

పేరు మార్చినంత తేలిక కాదు ఖజానా నింపడం. 1879లో మొదలైన న్యాయకళాశాల 2020లో మూతపడింది. విద్యార్థుల సంఖ్య గత దశాబ్దంలో బాగా తగ్గింది. ఫీజుల మీద ఆధారపడిన ప్రైవేటు విద్యాలయానికి ఇది ప్రాణసంకటం. పాత వసతిగృహాలను చూసిన కొత్త విద్యార్థి మరో విద్యాలయం వెతుక్కుంటాడన్న యాజమాన్యం వాదనను కొట్టిపారేయలేం.

ఇక ఆ మూడు చిత్రాలు. జార్జియా ఓకీఫ్ 1930లో గీసిన ‘రస్ట్ రెడ్ హిల్స్’ ఒకటి. చైల్డ్ హాసమ్, ఫ్రెడరిక్ చర్చ్ గీసినవి మిగతా రెండు. పెర్సీ స్లోన్ అనే దాత 1953లో, చిత్రకారుడైన తన తండ్రి జూనియస్ స్లోన్ చిత్రాలతో పాటు మరికొన్నింటిని, కొత్తవి కొనేందుకు నిధిని విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. చర్చ్ చిత్రం నేరుగా ఆ దానంలో వచ్చింది. ఓకీఫ్, హాసమ్ చిత్రాలను 1960లలో ఆ నిధితో కొన్నారు. కళాఖండం అమ్మితే వచ్చిన సొమ్ము తిరిగి కళకే చెందాలన్నది అమెరికా మ్యూజియంల వృత్తినియమం. అందుకే ఆ దేశపు ప్రధాన మ్యూజియం సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అధ్యాపక సభ వ్యతిరేక తీర్మానం చేసింది. మ్యూజియంను తీర్చిదిద్ది, దానికే తన పేరు పెట్టించుకున్న గౌరవాన్ని పొందిన రిచర్డ్ బ్రావర్, తొంభై దాటిన వయసులో, చిత్రాలు అమ్మితే తన పేరు తొలగించాలని కోరారు.

విశ్వవిద్యాలయం న్యాయస్థానంలో చేసిన వాదన ఆసక్తికరమైనది. దాత కోరినది సంప్రదాయ శైలి చిత్రాలనీ, ఓకీఫ్, హాసమ్ చిత్రాలు ఆ కోవకు చెందవు గనుక ఆనాడు వాటిని కొనడమే షరతుకు విరుద్ధమనీ చెప్పింది. ఆరు దశాబ్దాలు గోడకు వేలాడదీసి, తరతరాల విద్యార్థులకు చూపి పాఠం చెప్పిన తర్వాత గుర్తుకు వచ్చిన అభ్యంతరం ఇది. ఇంత విలువైన చిత్రాలకు తగిన భద్రత కల్పించే స్తోమత లేదన్న వాదన ఇంతకంటే నిజాయితీగా కనిపిస్తుంది.

దానపత్రంలోని షరతు ఆచరణసాధ్యం కానప్పుడు, దాత ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా దానిని మార్చే అధికారం న్యాయస్థానాలకు ఉంటుంది. మన దేశంలోనూ సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ధర్మాదాయ ట్రస్టులకు ఇదే వెసులుబాటు కల్పిస్తోంది. కళ కోసం ఇచ్చిన దానికి వసతిగృహం ఎంత దగ్గర అన్నదే చిక్కు. కొత్త వసతిగృహంలోనూ చిత్రాల ప్రదర్శనకు చోటిస్తామని యాజమాన్యం చెప్పుకొచ్చింది. 2024లో స్థానిక న్యాయస్థానం విక్రయానికి అనుమతించింది. అదే సంవత్సరం మ్యూజియం తలుపులు మూతపడ్డాయి.