నిర్బంధ చేరిక (మానసిక చికిత్స)

నిర్బంధ చేరిక అనగా ఒక వ్యక్తిని తన సమ్మతి లేకుండా మానసిక చికిత్సాలయంలో చేర్చుకొనడం. భారతదేశంలో దీనికి వర్తించేది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఇది 2018 మే 29న అమలులోనికి వచ్చింది. ఈ విధంగా చేర్చబడిన వ్యక్తి పౌరహక్కులను కోల్పోడు. అతనిని ఉంచే అధికారానికి చట్టం గడువును, సమీక్షను విధించింది.

చరిత్ర

బ్రిటిషు పాలనలో 1858, 1912 సంవత్సరాల చట్టాలు రోగి హక్కుల కంటె నిర్బంధానికే ప్రాధాన్యమిచ్చాయి. 1912 నాటి చట్టం స్థానంలో 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోనికి వచ్చింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమంలో అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టివేయబడిన రోగులు 28 మంది మరణించారు. 2017 చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది.

చేర్చుకొనే విధానం

సెక్షన్ 89 ప్రకారం రోగి నామనిర్దేశిత ప్రతినిధి దరఖాస్తు చేయాలి. ఒక మానసిక వైద్యుడు, మరొక అర్హుడైన నిపుణుడు లేదా వైద్యుడు రోగిని విడివిడిగా పరీక్షించాలి. రోగి వలన తనకుగాని, ఇతరులకుగాని హాని కలిగే ప్రమాదం ఉన్నదని, లేదా తనను తాను చూసుకొనలేని స్థితి ప్రమాదకరంగా ఉన్నదని వారు నిర్ధారించాలి. ఈ చేరికకు గరిష్ఠ గడువు 30 రోజులు. ఆ తరువాత కొనసాగించాలంటే ఇద్దరు మానసిక వైద్యుల పరీక్ష, మానసిక ఆరోగ్య సమీక్షా మండలి అనుమతి అవసరం.

కుటుంబ కలహం, రాజకీయ అభిప్రాయం, సంఘం మెచ్చని నడవడి మానసిక వ్యాధికి నిదర్శనం కాజాలవు. పూర్వం ఒకసారి చికిత్స పొందినంత మాత్రాన ఇప్పుడు వ్యాధి ఉన్నదని భావించరాదు.

రోగి హక్కులు

* చేర్చుకొన్న సంగతిని మండలికి స్త్రీలు, మైనర్ల విషయంలో 3 రోజులలో, ఇతరుల విషయంలో 7 రోజులలో తెలియజేయాలి. చేరికను సమీక్షించమని రోగి మండలిని కోరవచ్చు.
* ఉచిత న్యాయసహాయం పొందవచ్చు.
* సందర్శకులను కలుసుకొనవచ్చు, ఫోనులో మాట్లాడవచ్చు. తన వైద్య రికార్డులను చూడవచ్చు.
* బలవంతంగా తల గొరిగించరాదు. పని చేయమని నిర్బంధించరాదు. ఇష్టపడి చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి.
* మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయరాదు.

పోలీసుల బాధ్యత

మానసిక వ్యాధితో దిక్కులేక తిరుగుతున్న వ్యక్తిని పోలీసులు రక్షణలోనికి తీసుకొంటే 24 గంటలలోపు సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకొని వెళ్ళాలి. లాకప్పులో ఉంచరాదు.

ఉత్తరాంధ్రలో

బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం ప్రాంతాలవారికి ప్రధానమైన ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్నంలో ఉన్నది. ఇది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది.

నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు వైద్యుడైన డాక్టర్ సుధాకర్ కోవిడ్ కాలంలో మాస్కుల కొరతను బహిరంగంగా ప్రస్తావించి, 2020 ఏప్రిల్‌లో సస్పెండు అయ్యారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు ఆయనను అదుపులోనికి తీసుకొన్న తరువాత ఈ వైద్యశాలలో చేర్చారు. ఇందుకు కారణమేమిటన్నది వివాదాస్పదమైంది. మే 22న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. హెబియస్ కార్పస్ పిటిషనుపై జూన్ 5న, ఆయన ఆసుపత్రి నుండి వెళ్ళవచ్చునని తెలిపింది. 2021 మేలో ఆయన మరణించారు.

సమీక్షా మండలితో పాటు హైకోర్టు తలుపు కూడ రోగికి, అతని కుటుంబానికి తెరచియే ఉంటుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.