‘ఫాలోఅప్‌కు దొరకలేదు’ అనే గడిలో ఎవరున్నారు?

టీబీ రోగి డిశ్చార్జ్ అయ్యాడు. ఏడాది తర్వాత బతికున్నాడా? పనికి వెళ్లగలుగుతున్నాడా? వైద్యానికి ఎంత అప్పయింది? వీటికి లెక్కలతో జవాబు వెతికేదే ఆరోగ్య ఫలితాల పరిశోధన. పీజీ డాక్టర్లకు దీన్ని ఎలా నేర్పుతున్నారన్నది కులానికి సంబంధించిన ప్రశ్న అని మేము అంటున్నాం.

వికారాబాద్ జిల్లానే చూద్దాం. అనంతగిరి కొండ మీద నిజాం కాలం నాటి టీబీ ఆసుపత్రి ఉంది. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిలికా ఉన్న రాతిదుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, టీబీ ముప్పు కూడా పెరుగుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. సిలికోసిస్ చట్టప్రకారం పరిహారం దక్కాల్సిన వృత్తి వ్యాధి. ‘ఏం పని చేస్తావు?’ అని డాక్టరు అడగకపోతే సరైన వైద్యంతో పాటు ఆ హక్కూ పోతుంది.

2023లో వికారాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ఎండీ, ఎంఎస్ విద్యార్థులు థీసిస్ రాయాలి, పరిశోధనా పద్ధతుల కోర్సు పూర్తి చేయాలి, మూడు నెలలు జిల్లా వైద్య వ్యవస్థలో పనిచేయాలి. అంటే చట్రం ఉంది. అందులో ఏ ప్రశ్నలు పెడతారన్నదే అసలు సంగతి.

ఉదాహరణకు, వందమంది రోగుల్లో 70 మందికి నయమైంది, 10 మందికి కాలేదు, 20 మంది మళ్లీ రాలేదు అనుకుందాం. రానివాళ్లను తీసేస్తే ఫలితం 87.5 శాతం. కలిపితే 70 శాతమే. కూలి పోతుందని రానివాళ్లు, వలస పోయినవాళ్లు, ఆసుపత్రిలో అవమానపడి మానేసినవాళ్లు ఆ ఇరవైలో ఉంటారు. మన వాడల కథ ‘ఫాలోఅప్‌కు దొరకలేదు’ అనే గడిలోనే ముగుస్తుంది.

అందుకే శిక్షణలో మూడు పనులు తప్పనిసరి కావాలి. మొదటిది, రోగి సమ్మతితో కులం, వృత్తి నమోదు చేయడం. ఆ వివరాలు వార్డులో బయటపడకుండా కాపాడటం. రెండోది, రానివాళ్లను ఆశా కార్యకర్తల సాయంతో ఇంటికెళ్లి కలిసి కారణం రాసుకోవడం. మూడోది, తేలిన ఫలితాన్ని అదే వాడలో జనానికి చెప్పడం.

2024లో ఇంటింటి కులసర్వే చేసిన రాష్ట్రం మనది. జనాభా లెక్కలో కులం అడగగలిగినప్పుడు, ఎవరు బతికారు, ఎవరు చనిపోయారు అనే లెక్కలో ఎందుకు అడగకూడదు? మెడికల్ కాలేజీల్లో చదువుతున్న మన విద్యార్థులు థీసిస్ అంశం ఎంచుకునే రోజే ఈ ప్రశ్న లేవనెత్తాలి.